వాగులో చుట్టాలు

12 జులై 1974, పటాన్‌చెరు

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. వాన పడితే చాలు, ఫ్యాక్టరీ ట్యాంకులోని యాసిడ్ నీళ్లు వాగులోకి వదిలేయడం మా అలవాటు. వరదలో కలిసిపోతాయి, ఎవరికీ తెలియదు. వాల్వు తిప్పమని ఆపరేటర్ మల్లయ్యకు చెప్పాను. అతను కదలలేదు.

"నిన్న చాయ్ తాగుకుంట మీరే పుస్తకం సదివి ఇనిపిచ్చిండ్రు గద సార్, కప్పలు మనకు చుట్టాలని. గా వాగుల మస్తు కప్పలున్నయ్."

జీవపరిణామం మీద ఆ పుస్తకం రాసినాయన ఎంత గొప్పవాడు! కోట్ల ఏళ్ల సంగతిని పక్కింటి కబురంత సులువుగా చెప్పాడు. మెచ్చుకుంటూ ఆయనకు ఉత్తరం కూడా రాశాను.

చివరికి నేనూ వాల్వు తిప్పలేదు. ట్యాంకు ఇంకా నిండుగానే ఉంది. రేపు మేనేజరుకు ఏం చెప్పాలో...

ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. మల్లయ్య ఒక్కసారి విన్నాడు.