బ్రేకు మీద నా కాలు

మంగళవారం రాత్రి, బాగ్‌బేరా

ఇవాళ మా టాక్సీ బ్రేకుల్లో చేరిన గాలి తీశాం. ఎప్పుడూ మా పెద్దాడు సూరి పెడలు తొక్కేవాడు, మా ఆయన బండి కింద పడుకుని నట్టు వదులు చేసి గాలి పోనిచ్చేవారు. సూరి చనిపోయాక ఇదే మొదటిసారి. వాడి సీట్లో నేను కూర్చున్నాను.

"ఓలే, తొక్కి అట్టే ఉంచు. నాను నట్టు బిగించీదాకా ఒదలకు. ఒదిలితే గాలి మళ్లీ లోనికెళిపోద్ది, బ్రేకు పడదు."

"ఆడికీ ఇలాగే సెప్పీవోరా?"

ఆయన నట్టు వదులు చేశారు. నాకు కళ్లు నిండిపోయాయి. ఆయన బిగించాకే కాలు తీశానా, ముందే తీసేశానా? ఎంత తలచుకున్నా తెలియడం లేదు. "బాగుంది, ఇంక దిగు" అన్నారు, కానీ ఆయనా కళ్లు తుడుచుకుంటున్నారు. సరిగ్గా చూశారో లేదో...

పొద్దున్నే ఆయన సవారీని ఎక్కించుకుని జుగ్సలాయి దాకా వెళ్లాలి. ఇప్పుడు నిద్ర లేపి బ్రేకు మళ్లీ చూడమంటే పిచ్చిదానివంటారు. అననీ. ఈ ఇంట్లో పోయినవాడు ఒక్కడు చాలు. లేపుతాను.