బావి చూపని వేలం

నల్లగొండ, 1948 కార్తీకం

ఈరోజు తిరుమలగిరిలో మల్లమ్మ తాకట్టు పెట్టిన చేను వేలం చూసి వచ్చాను. పోలీసు చర్య తర్వాత జనం ఇంకా ధైర్యంగా ఊళ్లు దాటడం లేదు. అయినా అప్పిచ్చిన సావుకారి సంత రోజు దాకా ఆగలేదు. పాటకు ముగ్గురే వచ్చారు. చేను సగం ధరకే అతని బామ్మర్దికి దక్కింది.

"పెండ్లి పిలుపు ఇంటోళ్లకేనా, సావుకారీ?" అన్నాడు వచ్చినవారిలో ఒకడు.

"నా బాకీ నాకు ముట్టింది. ఎక్కువొస్తె ఆమెకే గద, నాకేమొస్తది?" అన్నాడు సావుకారి.

మల్లమ్మ నావైపు తిరిగింది. "బాయిల ఎండకాలం గూడ నీళ్లుంటయని ఒక్కమాట చెప్పకపాయె, అయ్యా. జర మంచి ధరొస్తె మిగిలినదాంతోని చిన్న చెల్క భూమన్న కొనుక్కుందును."

మా బాపు గుర్తొచ్చాడు. ఆయన కూడా తాకట్టు మీద అప్పులిచ్చేవాడు. పానగల్లులో బాకీపడ్డ ఎల్లయ్య చేను అమ్మవలసి వచ్చినప్పుడు, బాపు ముందు తన ఖర్చుతో బావిలో పూడిక తీయించాడు. ఊట పైకి వచ్చేదాకా పాట పెట్టలేదు. కొనేవాళ్లకు గట్లు చూపించడానికి ఎల్లయ్యనే పంపాడు. నేనూ వెంట నడిచాను. కంది పూత నా తలకన్నా ఎత్తుగా ఉండేది. మంచి ధర వచ్చింది. బాకీ పోగా మిగిలింది ఎల్లయ్య చేతిలో పెట్టాడు.

"గింత తిప్పలెందుకు బాపూ?" అని అడిగాను.

"అమ్మేది నేనే గని, అమ్ముడువోయేది వాని చేను బిడ్డా."

ఇప్పుడు పత్రికకు వార్త రాయాలి. దండోరా వేశారు, పాట జరిగింది, బాకీ తీరింది. మూడూ నిజాలే. వాటితోనే వార్త ముగిస్తే, మల్లమ్మ చేను న్యాయంగా పోయినట్టే ఉంటుంది.