శైలజ పెట్టెలోకి దిగిన రోజు

మామా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నువ్వు చదవవని తెలిసీ రాస్తాండా. ఈ భయం ఇంకెవరికి చెప్పుకోను?

నీ మ్యాజిక్ సామాను అమ్మేద్దామంటే మన బిడ్డ శైలజ ఒప్పుకోలా. "నాయిన ఆట నేనాడతా" అనింది. నిన్న ప్రొద్దుటూరులో దసరా పందిట్లో ఆడింది.

గొలుసులు కట్టుకోని పెట్టెలో దూరి బయటికి రాలేకపోయిన పాతకాలం మెజీషియన్లు, తూటాను పండ్లతో పట్టబోయి సచ్చినోళ్లు, వాళ్ల కతలన్నీ అన్నం తింటా చెప్తాంటివే. అవన్నీ నిన్న ఒక్కసారే గుర్తుకొచ్చినాయి.

పిల్లకు నా చేత్తోనే గొలుసులు చుట్టి, పెట్టెకు తాళమేసినా. గొలుసులు విడిపించుకున్నాక లోపల్నుంచి తట్టాల. ఎంతసేపు చూసినా తట్టలా. "శైలూ, పలుకు!" అని మూత మీద బాదినా. పలకలా. ఆట చెడితే చెడనీ అని తాళం తీసినా.

లోపల గొలుసులే ఉండాయి. పిల్ల లేదు.

ఇన్నేండ్లు నీ పక్కన నిలబడి ఆ పెట్టె గుట్టు తెలిసినదాన్ని, నేనే కెవ్వుమని అరిసినా. అప్పుడు జనం ఎనకనుంచి పిల్ల నవ్వుతా నడుచుకుంటా వచ్చింది. పందిరంతా సప్పట్లు.

"ముందే చెప్పకూడదా పాపా?" అంటే, "చెప్తే నువ్వట్ల అరుస్తావా అమ్మా? ఇది నాయిన దారి కాదు, నేను కనిపెట్టింది" అనింది.

ఆ దారి ఏందో ఇంకా చెప్పలా. రేపు పులివెందులలో ఆట. ఆడ గూడా అట్లనే అరవమంటాంది.

నటించే పని లేదు మామా. ఆ పెట్టెకు మళ్లా నా చేత్తోనే తాళమేయాలంటే అరుపు దానంతటదే వస్తాది.