రెగ్యులేటర్ నా సంచిలో ఉంది

సుచరితా,

పొయ్యి వెలగదు. గ్యాసు రెగ్యులేటర్ నా సంచిలో ఉంది, నాతోపాటు తిరుమలగిరి అంగడికి వస్తోంది. చాయపత్తి, చక్కెర డబ్బా కూడా దాని పక్కనే ఉన్నాయి. ఇల్లంతా వెతికి అలసిపోకు.

ఈ రోజు షుగర్ పరీక్ష. ఏమీ తినకుండా, చాయ్ తాగకుండా ఊరి దవాఖానకు పో. పక్కింటి వసంతలక్ష్మి కూడా నీకు చాయ్ పోయదు. ఆమె చేతి చాయ్ తాగితే మా కోడలికి వాంతులవుతాయని చెప్పి వచ్చాను. ఇంకా తిడుతూనే ఉంది.

పోయినసారి నీ బదులు ఆమెనే పంపావు. ఆమె వేలు గుచ్చి, నీకు షుగర్ లేదన్నారు. ఆ సంతోషంలో నువ్వు పాయసం వండావు.

చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది. మళ్లీ రావచ్చని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. అడిగితే, "నాకేమైంది మామా, దుక్కలెక్క గట్టిగ ఉన్న" అంటావు. శనివారం దేవుడికి ఒక్కపొద్దు ఉంటావు, నీ ఒంటి కోసం ఒక్క పూట ఉండలేవు.

మీ అత్త కూడా దుక్కలా ఉన్నాననే చెప్పింది. కాలి పుండు మానకపోతే చెప్పు కరిచిందనుకుంది. "జర మెత్తటి జత తేరాదూ" అంది. మూడుసార్లు తెచ్చాను. మూడో జత ఇంటికి వచ్చేసరికి ఆ కాలు తీసేశారు.

పరీక్ష కాకుండా నాకు ఎదురుపడకు.

మామ

దవాఖానలో ఆశా వర్కర్ ఆండాళు దగ్గర ఫ్లాస్కులో చాయ్ పెట్టాను. నెత్తురు తీశాకే ఇస్తుంది. నేనే కాచాను. చక్కెర తక్కువ వేశాను. బాగుండదు. తాగు.