ఎవరి ప్రమాణం వాళ్లు

జీడిమెట్ల,
3 ఫిబ్రవరి 1999

ప్రియమైన ఉమా,

మూసాపేటలో హాలు దొరికింది. ఇరవై ఒకటి, ఆదివారం. దండల పెళ్లికి మీ నాన్నగారు ఒప్పుకున్నారంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. పంతులు ఉండడు. దండలు మార్చుకుని ఎవరి ప్రమాణం వాళ్లు చదవాలి. మా ఫ్యాక్టరీ యూనియన్ దగ్గర అచ్చు కాగితం ఉంది గాని, పేర్లు మార్చి చదవడం నాకిష్టం లేదు. మైకు ముందు నువ్వు ఇబ్బంది పడతావని నీది కూడా నేనే రాసి పంపుతున్నా. చూసి చదివితే చాలు. పరేషాన్ కాకు.

నీ నరేందర్

మాదాపూర్,
8 ఫిబ్రవరి

నరేందర్ గారికి,

ఫోనులో చెబుదామంటే నాన్న పక్కనే ఉంటారు. అందుకే ఆఫీసు నుంచి రాస్తున్నాను. మేం సైబర్ టవర్స్‌లోకి మారాం. కిటికీలోంచి ఇంకా బండరాళ్లే కనిపిస్తాయి. నాకిక్కడ బాగుంది.

మీరు నాకు రాసిన ప్రమాణంలో "రెండేళ్ల తర్వాత ఉద్యోగం మాని ఇల్లు చూసుకుంటాను" అని ఉంది. నిశ్చితార్థం రోజు ఉద్యోగం సంగతి మీ అమ్మగారు నన్నడిగితే మీరిచ్చిన జవాబు అది. నేను తల వంచుకున్నాను. ఒప్పుకున్నానని అందరూ అనుకున్నారు. నిజానికి అప్పుడు నేను మాట కోసం వెతుక్కుంటున్నాను, అంతే.

ఆరో తరగతిలో వక్తృత్వ పోటీ మధ్యలో ఆగిపోతే, తెర వెనక నుంచి మా కాన్వెంటు సిస్టర్ ఒక్కో వాక్యం అందించారు. మొదటి బహుమతిగా కప్పు వచ్చింది. ఆ కప్పులో నాన్న పెన్నులు పెట్టుకుంటారు. అది నాదని నాకెప్పుడూ అనిపించలేదు.

మీ కాగితం తిరిగి పంపుతున్నాను. నాది నేనే రాసుకుంటాను. రాయలేకపోతే పెళ్లి వాయిదా వేద్దాం.

ఉమాశ్రీ

జీడిమెట్ల,
17 ఫిబ్రవరి

ఉమా,

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశా. నాలుగింట్లోనూ నాదే ఒప్పని వాదించుకున్నా.

ఆ జవాబు నీది కాదు, నాదని అమ్మతో చెప్పేశా. మరి పిల్ల ఏమంటదని అడిగింది. తెల్వదన్నా. "అడగకుంట ఎట్ల చెప్పినవ్ రా?" అంది.

నా ప్రమాణం కూడా చింపేశా. కొత్తది ఒక్క ముక్కే. హాల్లో వింటావు. ఆదివారం వస్తావా?

నరేందర్

జీడిమెట్ల,
26 ఫిబ్రవరి

ప్రియమైన నరేందర్,

పెళ్లైన నాలుగో రోజే ఫ్యాక్టరీ పని మీద మిమ్మల్ని విశాఖ పంపారు. ఆదివారం సంగతి మనిద్దరం మాట్లాడుకోనేలేదు. నా వైపు నుంచి రాస్తున్నాను.

"ఉమ మాట నేను చెప్పను. తను చెప్పేదాకా ఆగుతా" అని మైకు నాకిచ్చారు. నా చేతిలో పేజీన్నర ఉంది. ఒక్క అక్షరం కనిపించలేదు. కుర్చీలు కదిలాయి. మా పెద్దమ్మ మీతో "మీరే కాస్త చెప్పేయండి బాబూ" అంది. మీ పెదవులు కదలబోయి ఆగాయి. చూశాను.

అప్పుడు ముందు వరుసలోంచి మీ అమ్మ: "జర ఆగుండ్రి. పిల్ల చెప్తది. అన్నం యాడికి పోదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు ఊపిరి ఆడింది. "నేను ఉద్యోగం చేస్తాను. ఇతనితో ఉంటాను" అన్నాను. పేజీన్నరలో పలికింది అంతే.

ఈ పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే అత్తమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "గా మిగిలిన కాయితంల ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆమె ఏమీ అందించలేదు.

బస్సు తప్పిపోయింది. మీరొచ్చాక మీకూ చదివి వినిపిస్తాను.

మీ ఉమ