దుప్పి పిల్ల కేసు

జూన్ 4, 1984. భద్రాచలం.
దుమ్ముగూడెం అవతల ఒక గూడెం నుంచి ఫారెస్టు వాళ్లు సీతయ్యను పట్టుకొచ్చారు. కోయ రైతు. ఉచ్చులో పడ్డ జంతువును కూరొండుకున్నాడు. తలతో సహా తోలు ఇంట్లో దొరికింది. కలప లారీలు దర్జాగా పోతాయి, దొంగ మాత్రం సీతయ్య! రేంజరు రిపోర్టులో ‘దుప్పి పిల్ల’ అని రాశాడు.

జూన్ 5.
లాయరు అంతోనయ్య సలహా: తప్పొప్పుకుని ఫైన్ కడితే ఎల్లుండికి ఇంటికి పోతడు, రేంజరు ఒప్పుకున్నడు, లొల్లెందుకు సారూ అని. సీతయ్య భార్యదీ అదే పాట. వాన పడ్డది, ఇత్తనం ఒక్కదాన్నే ఏసుకోవాల్నా అని.
తప్పొప్పుకోవడమా! ఇరవై ఏళ్లుగా ఆదివాసీ హక్కుల కరపత్రాలు రాస్తున్నది ఇందుకేనా?

జూన్ 6.
తోలు చూశాను. కుందేలంత. ఒళ్లంతా చుక్కలు, చారలు. కొమ్ముల జాడ లేదు, పైదవడకు చిన్న కోరలు. ఇది దుప్పి పిల్లట! సీతయ్యకు నవ్వొచ్చింది. గది కురుపంది సారూ, మా పోరగాండ్లకు గూడ ఎరికే అన్నాడు.
కాలేజీలో జువాలజీ చెప్పే హైమ పుస్తకం తీసిచ్చింది. మౌస్ డీర్. అసలు జింకల కుటుంబమే కాదు. ఎవడో దొర చచ్చినదాన్ని ఓడలో పంపితే, ఇంకో దొర కుర్చీలో కూర్చుని పళ్లు లెక్కపెట్టి పేరు పెట్టాడు. సీతయ్య తాతను ఎవరూ అడగలేదు. పోనీ, ఈసారి దొరలు మనకే పనికొస్తారు. జంతువే తప్పయితే కేసే తప్పు.
చట్టంలో ఇది ఏ షెడ్యూలో చూసిన్రా అని హైమ ఏదో అడగబోయింది. అప్పటికే మెట్లు దిగుతున్నాను.

జూన్ 8. సాయంత్రం 5.
రేంజ్ ఆఫీసులో అరగంట ఉపన్యాసం దంచాను. గార్డులందరూ నోళ్లు తెరిచి విన్నారు. అంతోనయ్య నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. విదిలించాను. రేంజరు వెంకటరామారావు పుస్తకంలో బొమ్మనూ తోలునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మీరు కరెక్ట్ సార్, మాదే మిస్టేక్, రిపోర్టు మార్చి పంపిస్త అన్నాడు. టీ తెప్పించాడు. తాగాను.
గెలిచాం.

జూన్ 9.
వన్యప్రాణి చట్టం తెరిచాను. దుప్పి మూడో షెడ్యూలు. మౌస్ డీర్ మొదటిది, పులి పక్కన. దానికి ఫైన్‌తో సరిపెట్టడం లేదు. ఆరు నెలలకు తక్కువ శిక్ష లేదు.

జూన్ 12.
రిమాండ్. సీతయ్యను ఖమ్మం జైలుకు తీసుకుపోయారు. అంతోనయ్య ఒక్క మాటే అన్నాడు: దుప్పి పిల్లే అయితే నీకేం పోయింది సారూ?

జూన్ 20.
గూడేనికి పోయాను. సీతయ్య భార్య ఒక్కతే విత్తుతోంది. ఆ జీవం పేరు మార్పిచ్చినవంట గద, మల్ల పాత పేరే రాయమను సారూ, నీ మాట ఇంటరు గద అంది.
ఆరు నెలలని చెప్పలేదు. నీళ్లిస్తే తాగి వచ్చేశాను.

జూలై 2.
దొరల శాస్త్రాన్ని తిడుతూ వ్యాసం మొదలుపెట్టాను. మూడు పేజీలు. కోపం బాగానే కుదిరింది. చింపేశాను. రేంజ్ ఆఫీసుకు పోయింది దొరలు కాదు.

జూలై 17.
సమన్లు వచ్చాయి. ప్రభుత్వం తరఫున మూడో సాక్షిని. వృత్తి అన్నచోట ‘జంతు నిపుణుడు’ అని టైపు చేశారు.
సంతకం పెట్టి తీసుకున్నాను.