రెండున్నర అంగుళాల ఖాళీ

జూన్ 1, ఆదివారం

జీపు మీటరు 84,312. నిన్న ఉదయం డ్యూటీకి వెళ్లేముందు రాసుకున్నది 84,266. తేడా నలభై ఆరు.

నిన్న సుజాత గూడెంలో పశువులకు టీకాలు వేసి వచ్చింది. "ఎట్ల పోయినవ్?" అని అడిగాను. "బస్సుకు," అంది, అన్నం వడ్డిస్తూ, తల ఎత్తకుండా.

గూడెం ఇరవై మూడు కిలోమీటర్లు. రానూ పోనూ ఎంతో నేను లెక్క వేయలేదు. అదే పడింది.

జూన్ 2, సోమవారం

మడ్‌గార్డుల లోపలి అంచున ఎర్రమట్టి. మా గని కాలనీలో ఎక్కడ చూసినా బొగ్గు నలుపే. ఎర్రమట్టి గూడెం దారిదే.

పశువుల ఆసుపత్రి బండి రెండేళ్లుగా మూలన పడి ఉంది. అందుకే గూడేలకు మా జీపు. నాకు సెలవున్న రోజు నేనే నడుపుతాను. సుజాత ఎడమ సీటులో, ఒళ్లో టీకాల డబ్బా, అందులో మంచుగడ్డల చప్పుడు... నాకు సెలవు లేని రోజు ఆమె బస్సులో వెళ్లాలి. ఒప్పందం అది. ఆ స్టీరింగు నాకు తప్ప ఎవరికీ లొంగదు కనుక. చక్రం రెండున్నర అంగుళాలు ఊరికే తిరుగుతుంది, టైర్లకు కబురే అందదు. మలుపు రాకముందే ఆ ఖాళీని చప్పున తీసేయాలి, అక్కడి నుంచి నెమ్మదిగా తిప్పాలి. కొత్తవాడి చేతిలో పడితే బండి రోడ్డుకు ఆ అంచూ ఈ అంచూ కొలుస్తుంది.

రఘుకు డ్రైవింగ్ వచ్చు. సుజాత దగ్గర సహాయకుడిగా చేరి నాలుగు నెలలైంది.

జూన్ 3, మంగళవారం

గోడ అవతలి నుంచి పక్కింటి రాజమల్లు —

"ఏం ఫిట్టరన్నా, నువ్వు డ్యూటీల ఉంటే నీ జీపు రోడ్డు మీద ఉంటదేందే?"

టీకాల పని, అన్నాను.

"నాకెందుకులే గని... ఫికర్ జెయ్యకు, రఘు గూడ ఉండె అండ్ల."

నవ్వాడు. నేనూ నవ్వాను. పళ్లు తోముకుంటున్నాను కనుక అది నవ్వులాగే కనిపించి ఉంటుంది.

జూన్ 4

రఘు నన్ను 'అన్నా' అంటాడు. మరి అన్న భార్య వదినె కావాలి కదా. ఆమెను 'మేడం' అంటాడు.

జూన్ 6, శుక్రవారం

సుజాత చెప్పింది. పద్దెనిమిదో తేదీన కొండ ఘాటు రోడ్డు మీది గూడెంలో టీకాలు. "నీకు లీవు దొరుకుతదా?"

దొరకదు. ఆ వారమంతా మొదటి షిఫ్టు, పెద్ద పంపు విప్పి ఉంది.

"అయితే జీపు ఇయ్యి. రఘు ఉంటడు."

ఎంత తేలికగా అంది.

"స్టీరింగు లూజున్నది," అన్నాను.

"గందుకే చెప్తున్న. జర బిగియ్యరాదూ! ఏడాదిన్నర సంది గట్లనే ఉన్నది."

ఆ ఘాటు మీద రెండు మలుపుల దగ్గర లోయ వైపు గోడ లేదు. చూశాను. నాకు తెలుసు.

జూన్ 7, శనివారం

ఈ పేజీకి అబద్ధం చెప్పి ఉపయోగం లేదు.

గనిలో పంపు షాఫ్టు వెంట్రుకవాసి తేడా ఉన్నా నేను సంతకం పెట్టను. నా ఇంటి ముందున్న బండిలో రెండున్నర అంగుళాలు భరించాను. బద్ధకం కాదు. బిగిస్తే అది ఎవరైనా నడపగలిగిన బండి అవుతుంది. బిగించనంత కాలం సుజాతకు జీపులో గూడెం వెళ్లాలంటే నేను కావాలి.

ఆ ఖాళీలో కూర్చున్నవాణ్ని నేనే.

ఇప్పుడు అక్కడ రఘు కూర్చుంటున్నాడు. నాకు చెప్పకుండా. ఘాటు మీద వాడి చేయి తప్పితే... ఎడమ సీటులో ఆమె ఉంటుంది. కోపం వాడి మీద ఉంచుకోవచ్చు. పని మాత్రం రేపే మొదలుపెట్టాలి.

జూన్ 8, ఆదివారం

చక్రం అంచుకు స్కేలు కట్టి కొలిచాను. అరవై నాలుగు మిల్లీమీటర్లు. ఉండదగినది ఇరవై అయిదు.

ఒకరు పైన చక్రం ఆడించాలి, ఒకరు కింద పడుకొని చూడాలి. సుజాతనే పిలిచాను. డ్రైవర్ సీటులో కూర్చుంది.

"టైర్లు కదలొద్దు. ఊరికే అటూ ఇటూ ఆడించు."

ఆడించింది. కింద నుంచి చూస్తున్నాను. ఖాళీ ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడ ఆపుతోంది, వెనక్కి తెస్తోంది. టైరు ఒక్కసారి కూడా కదలలేదు. చక్కగా చేసింది, నేర్పకుండానే.

దోషాలు మూడు. స్టీరింగు నుంచి టైరుకు వెళ్లే అడ్డ కడ్డీ చివర, కీలులా తిరిగే గుండు అరిగింది. స్టీరింగు పెట్టెను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులలో రెండు వదులు. మూడవది పెట్టె లోపల.

"ఇంకెంతసేపు? పప్పు మాడుతది."

పో, అన్నాను. దిగి వెళ్లింది. సీటు వెచ్చగా ఉంది.

జూన్ 10

మంచిర్యాలలో గుండు దొరికింది. మొదటి దుకాణంలోనే.

జూన్ 11, బుధవారం

షిఫ్టు దిగి వచ్చాక సాయంత్రం వెలుగు ఉండగానే పని. కొత్త గుండు ఎక్కించాను. బోల్టులు బిగించి, ప్రతి నట్టు మీద నుంచి కింది రేకు మీదకు తెల్లరంగుతో ఒక గీత. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. గీత అబద్ధం చెప్పదు.

ఖాళీ ఇప్పుడు ముప్పై రెండు. సగమైంది.

ఇక్కడ ఆపేయవచ్చు. ఘాటు ఎక్కడానికి ఇది చాలునని ఎవరైనా ఒప్పుకుంటారు. మిగిలిన కొంచెం నాకు మాత్రమే తెలిసినదిగా ఉండిపోతుంది.

టీ తాగాను. స్పానర్లు తుడిచి పెట్టాను.

జూన్ 13, శుక్రవారం

ఆపలేకపోయాను. నట్టు వదులు చేసి, పెట్టె పైనున్న స్క్రూను పావు చుట్టు తిప్పాను. ముందు టైర్లు నేలకు పైన ఉండాలి, తిన్నగా ఉండాలి. పక్కకు తిరిగి ఉండగా బిగిస్తే, తిన్నగా వచ్చేసరికి స్టీరింగు పట్టేస్తుంది. మూడుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూశాను. ఎక్కడా పట్టలేదు.

పద్దెనిమిది మిల్లీమీటర్లు.

ఎడమ సీటు ముందు, టీకాల డబ్బాకు ఒక తోలు బెల్టు కూడా అమర్చాను. ఘాటు మీద ఒళ్లో పట్టుకుంటే ఆమె చేతులు నొస్తాయి. బెల్టు బకిలు తగలకుండా ఆమె మోకాళ్ల కొలత చూసి రంధ్రాలు వేశాను.

రఘు వచ్చి చూశాడు. "అన్నా, కంపెనీల జేసినట్టు జేసినవ్. కమాల్!" నిజంగానే అన్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

జూన్ 15, ఆదివారం

నెమ్మదిగా రాయాలి.

ఉదయం సుజాతను ఎక్కించుకొని జీపును గ్రౌండుకు తీసుకెళ్లాను. రెండు చుట్లు వేశాక సుజాత, "ఒక్కపారి నేను గూడ చూస్త," అంది.

"నీకు రాదు కదా."

"నువ్వున్నవ్ గదా పక్కకు."

మొదటిసారి ఎడమ సీటులో కూర్చున్నాను. క్లచ్ కుదుపు లేకుండా వదిలింది. అంతవరకూ ఏదో అదృష్టం అనుకున్నాను. గోల్‌పోస్టు దగ్గర మలుపు. ఆమె చేతులు చక్రాన్ని చప్పున రెండున్నర అంగుళాలు లాగాయి, అక్కడ ఆగాయి, అక్కడి నుంచి నెమ్మదిగా తిప్పబోయాయి.

జీపు ఎగిరి పక్కకు కోసుకుంది.

"అవ్వో! గింతల్నే తిరిగిందేంది!"

నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

అసలు డ్రైవింగ్ రానివాళ్ల చేయి అలా పోదు. వేరే బండి మీద నేర్చుకున్నవాళ్ల చేయీ అలా పోదు. ఆ కొలత లోకంలో ఒక్క బండిలోనే ఉండేది. మొన్నటి వరకు.

ఆ నలభై ఆరు కిలోమీటర్లు రఘు నడపలేదు. ఆమె నడిపింది. నేను వదులుగా ఉంచిన స్టీరింగు పట్టుకొని.

తిరుగు దారిలో నేను నడిపాను. కాలనీ మలుపు దగ్గర నా చేయి కూడా అదే తప్పు చేసింది. సుజాత రోడ్డు వైపే చూస్తూ అంది —

"నీకు గూడ అలవాటు పోలే."

నీకు గూడ.

జూన్ 16, సోమవారం

ఎవరు నేర్పారని నేను అడగలేదు. అడగవలసిన పని లేదు. నేను నేర్పలేదు, అంతే. ఎన్ని రోజులు, ఏ దారిలో, మొదటిసారి ఇంజను ఆగిపోయినప్పుడు ఎవరు నవ్వారు, ఆమె ఎవరి వైపు చూసి నవ్వింది... వీటిని ఏ స్కేలుతో కొలవను?

సాయంత్రం బట్టలు మడుస్తూ ఆమే అడిగింది.

"గింత పనేనా? ఏడాదిన్నర ఎందుకు ఆపినవ్?"

"సామాను దొరకలే."

"ఊఁ," అంది. నా చొక్కా మడత విప్పి మళ్లీ మడిచింది. మొదటి మడత బాగానే ఉంది.

జూన్ 17, మంగళవారం

షిఫ్టు నుంచి రాగానే జీపు కింద పడుకొని తెల్లగీతలు చూశాను. ఒక్కటీ విరగలేదు. ముందు రెండు టైర్లలో గాలి సమానం. బ్రేకు నూనె సరిపోయేంత ఉంది.

సుజాత వాకిట్లోకి వచ్చి నిలబడింది. పాదాలు కనిపించాయి.

"రేపు నేనే నడుపుత. చెప్పకుంటే బాగుండదని చెప్తున్న."

"ఘాటు మీద రెండో గేరు దాటకు."

"దాట."

"రఘు?"

"వస్తడు. మందు డబ్బాలు మొయ్యాలె గదా."

పాదాలు ఇంకాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెళ్లిపోయాయి.

ఇన్నాళ్లూ కుడి సీటు కోసమే మండిపోయాను. ఎడమ సీటు సంగతి నాకు తట్టనే లేదు. రేపు అక్కడ కూర్చునేది రఘు. పొడగరి. నేను వేసిన బెల్టు బకిలు ఘాటు పొడుగునా అతని మోకాలి చిప్పకు తగులుతూనే ఉంటుంది. దాన్ని రెండు రంధ్రాలు వెనక్కి జరిపితే సరిపోతుంది. అయిదు నిమిషాల పని.

స్పానరు తీసి పక్కన పెట్టుకొని ఇది రాస్తున్నాను.

ఇంకా జరపలేదు.